యాభై వేల తేడా

మేం అంటే ముందు ఈ ఇంటి నలుగురం. అమ్మ, మా ఇద్దరం, ఇంజనీరింగులో చేరిన బిడ్డ. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం. అది కితాబుల ఉర్దూ కాదు. సగానికి సగం తెలుగు కలిసిన మా సాయిబుల ఉర్దూ. గడప దాటితే తెలుగు. పత్రికలకి రాసేది రెండింటిలోనూ. ఊరు పెదకూరపాడు. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లా, ఆ తర్వాత పల్నాడు జిల్లా. గుంటూరు నుంచి నడికుడి పోయే రైలు మా ఊళ్ళో ఆగుతుంది. మిరపా పత్తీ పండే నేల.

'మేం' అన్న మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. అది మేం పెట్టుకున్నది కాదు. బజార్లో, ఆఫీసులో, కొట్లో మమ్మల్ని చూడగానే 'మీవాళ్ళు' అని మొదలుపెట్టేవాళ్ళు మాకు తగిలించింది. 2025 వేసవిలో మేం ఒక ల్యాప్‌టాప్ కొనాల్సి వచ్చింది. ఆ బేరం మధ్యలోకి ఈ రెండు 'మేం'లూ వచ్చి కూర్చున్నాయి.

అస్తిత్వం గురించి రాయమంటే ల్యాప్‌టాప్ గురించి రాస్తారేమిటని మీరు అడగొచ్చు. అస్తిత్వమనేది మసీదు మినారు మీదా, టోపీ మీదా, పేరు చివరా మాత్రమే ఉంటుందనుకునేవాళ్ళకి ఈ అనుమానం వస్తుంది. డబ్బు లెక్కపెట్టుకునే చోట కూడా అది ఉంటుంది. ఏది మనకి తగునో, ఏది తగదో ఎవరు తేలుస్తున్నారన్న దగ్గర మరీ ఉంటుంది.

ముందు అవసరం సంగతి. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ 2016లో కొన్నది. కీబోర్డు మీద కొన్ని అక్షరాలు అరిగిపోయాయి గానీ పని చేస్తూనే ఉంది. అది విండోస్ 10 మీద నడిచేది. ఆ విండోస్‌కి మామూలుగా ఇచ్చే భద్రతా మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. చెప్పినట్టే ఆపింది. పోనీ 2021లో వచ్చిన విండోస్ 11 ఎక్కిద్దామంటే, ఇంటెల్ ప్రాసెసరయితే ఎనిమిదో తరానిదో ఆ పైదో కావాలంటుంది. మాది ఆరో తరం. అంటే యంత్రం చావలేదు. చచ్చిందని ఉత్తర్వు వచ్చింది, అంతే.

ఇటు బిడ్డకి గుంటూరులో ఒక కాలేజీలో కంప్యూటర్ సైన్సు సీటొచ్చింది. 2007 నాటి చట్టంతో ముస్లింలలో వెనకబడినవాళ్ళకి దక్కిన ఆ నాలుగు శాతం బి.సి.-ఇ కోటా మాకు చేసిన మేలది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఫీజు వరకే ఉంటుంది. ల్యాప్‌టాప్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. కాబట్టి కొనాలా వద్దా అన్న ప్రశ్న లేదు. ఏది కొనాలన్నదే ప్రశ్న.

రెండు తేలాయి. మొదటిది యాపిల్ వారి మాక్‌బుక్ ఎయిర్. 2025 మార్చిలో ఎం4 చిప్‌తో వచ్చినప్పుడు మన దేశంలో దాని ధర 99,900 రూపాయల దగ్గర మొదలైంది. విద్యార్థులకి 89,900. అయితే ఆ ధరకి వచ్చేదాంట్లో నిల్వకి 256 జీబీలే చోటు. తర్వాత పెంచుకుందామంటే కుదరదు, కొనేనాడే తేల్చుకోవాలి. 512 కావాలంటే మరో ఇరవై వేలు. విద్యార్థి రాయితీ పోను లక్షా పదివేల దగ్గర ఆగింది. రెండోది పేరున్న కంపెనీదే, విండోస్ 11ది. 16 జీబీ ర్యామ్, 512 జీబీ నిల్వ, 56,000. తేడా యాభై నాలుగు వేలు. నోటిలెక్కకి యాభై వేలనుకుందాం.

యాభై వేలంటే ఎంత? హైదరాబాదులో ఒక లెక్క, పెదకూరపాడులో ఒక లెక్క. మిరపకాయ కోతకి పోయే ఆడమనిషికి రోజుకి 400 అనుకుంటే 125 రోజుల కూలి. మా ఇంటి లెక్కలో ఇంకొకటి. అమ్మ ఉమ్రాకి దాచుకున్న డబ్బులో సగం.

మా దగ్గర ఉన్నది అరవై వేలు. మిగతాది నేనిస్తానంది అమ్మ. ఎన్నో ఏళ్ళుగా చీర ఖర్చులో మిగిల్చి, ఈదీలు దాచి, గేదె పాలు అమ్మిన డబ్బు కూడబెట్టి లక్ష దాకా చేసింది. హజ్‌కి పోయే స్తోమత మనకి లేదు, ఉమ్రా అయినా చేసొస్తాననేది ఆమె కోరిక. "మేరా ఉమ్రా కాఁ జాతా? బచ్చీ కా పఢ్నా పైలే దేఖో" అంది. నా ఉమ్రా ఎటూ పోదు, ముందు పిల్ల చదువు చూడండని. ఉమ్రా ఫర్జ్ కాదు గదా, చదువు ఫర్జ్ గదా అని మాకే ఎదురు పాఠం చెప్పింది. అమ్మ బడికి పోలేదు. ఖురాన్ మాత్రం చూసి చదువుతుంది. మొట్టమొదట దిగిన ఆజ్ఞే చదవమని అని ఆమెకి ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు.

ఆ మాటతో బేరం బరువెక్కింది. అంతకుముందు అది యాభై వేల తేడా. అప్పట్నుంచీ అది మా అమ్మ మక్కా. ఆ డబ్బు ముట్టుకోవాలంటే ఆ ఖరీదైన యంత్రం ఏమిస్తుందో గీచి గీచి చూడాలి. అలా చూడ్డం మొదలుపెట్టాం.

ఏళ్ళ లెక్క మొదటిది. ఖరీదైనది ఎనిమిదేళ్ళు వస్తుందని, చవకది నాలుగేళ్ళు వస్తుందని కొనమనేవాళ్ళు చెప్తారు. ఒప్పుకుందాం. లక్షా పదివేలని ఎనిమిది పెట్టి భాగిస్తే ఏడాదికి 13,750. యాభై ఆరు వేలని నాలుగు పెట్టి భాగిస్తే 14,000. చూశారా, ఖరీదైనదే ఏడాదికి 250 రూపాయలు చవక! కాగితం మీద ఈ లెక్కకి తిరుగులేదు. అయితే ఎనిమిదేళ్ళ ఖర్చు ఒక్కరోజే కట్టగలిగినవాడికే ఆ చవకదనం దక్కుతుంది. మా మసీదు బజార్లో నూనె పావుకిలో లెక్కన కొనేవాళ్ళున్నారు. డబ్బా కొంటే కిలోకి ఎంతో మిగులుతుందని వాళ్ళకి తెలియదా? తెలుసు. డబ్బాకి డబ్బు ఒక్కసారి ఉండదు. లేనివాడు ప్రతిదీ ఎక్కువ పెట్టి కొంటాడు, ఆపైన పొదుపు తెలియదని తిట్లు కూడా తింటాడు. ఈ చిల్లర బతుకు మా ముస్లింలకే కాదు, మాదిగపల్లెకీ వడ్డెరగూడేనికీ తెలిసిందే.

ఒక్కసారి లేకపోతే వాయిదాల మీద తీసుకోవచ్చు గదా అంటారు. ఇక్కడ మాకు రెండో గడప ఎదురవుతుంది. సూద్, అంటే వడ్డీ. 'నో కాస్ట్ ఈఎంఐ, వడ్డీ ఉండదు' అని కొట్లో బోర్డుంటుంది. ఆ కాగితాలు చదివాం. బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది. అంత మొత్తం అమ్మేవాడు ముందే ధరలో తగ్గించినట్టు చూపిస్తాడు. ఆ వడ్డీ మీద జీఎస్టీ మనమే కడతాం. ప్రాసెసింగ్ ఫీజు వేరే. సున్నా వడ్డీ అనేదే లేదని, ఫీజు ముసుగులో వడ్డీని దాస్తున్నారని 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకే బ్యాంకులకి చెప్పింది. నగదుకి ఒక ధర, వాయిదాలకి కొంచెం ఎక్కువ ధర ముందే ఖాయం చేసుకుని అమ్మితే అది వ్యాపారమే, వడ్డీ కాదని 1990లో జెద్దాలోని అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ తేల్చింది. కానీ ఇక్కడ అమ్మేవాడొకడు, అప్పిచ్చేవాడొకడు. అమ్మకి ఈ తేడాలన్నీ చెప్పాం. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది. ఒక నెల కట్టకపోతే ఏంచేస్తారని. జరిమానా వేస్తారన్నాం. "తో సూద్-ఇచ్ హై" అని లేచిపోయింది. మాలో అందరూ ఇలా అనుకోరు. ఫోన్లు, ఫ్రిజ్‌లు వాయిదాల మీద తెచ్చుకున్న ఇళ్ళు మా మొహల్లాలో బోలెడున్నాయి. వాళ్ళ ఈమాన్‌ని కొలిచే పని మాది కాదు. ఈ ఇంట్లో మాత్రం అమ్మ మనసు కష్టపెట్టి, ఆ వాయిదాల యంత్రాన్ని ఆమె ఎదుట పెట్టుకోలేం.

మూడోది అక్షరాల లెక్క. మాకు ఇదే పెద్దది.

ఉర్దూ నస్తాలీఖ్‌లో రాస్తారు. అక్షరాలు గీత మీద వరసగా కూర్చోవు. పైనుంచి కిందికి ఏటవాలుగా దిగుతాయి. పక్కన ఏ అక్షరముందో దాన్నిబట్టి రూపు మార్చుకుంటాయి. యంత్రానికి ఇది కొరుకుడు పడలేదు. ఇంగ్లీషు, తెలుగు పత్రికలు సీసపు అక్షరాల్లో అచ్చవుతున్న కాలంలో ఉర్దూ పత్రికని కాతిబ్‌లు చేత్తో రాసి, ఆ రాతని అచ్చువేసేవాళ్ళు. 1981లో లాహోరులో జంగ్ పత్రిక నూరీ నస్తాలీఖ్‌తో వెలువడింది. మీర్జా అహ్మద్ జమీల్ మోనోటైప్ కంపెనీతో కలిసి వేలకొద్దీ అక్షరాల కూర్పుల్ని ఒక్కొక్కటిగా రాయించి చేసిన పని అది. 1990ల్లో ఢిల్లీలో తయారైన ఇన్‌పేజ్ వచ్చాక ఉర్దూ పత్రికలన్నీ దాని మీదికి మళ్ళాయి. కాతిబ్‌ల కలాలు మూలపడ్డాయి. మద్రాసులో 1927లో పుట్టిన 'ముసల్మాన్' పత్రిక కంప్యూటర్లు వచ్చాక కూడా ఏళ్ళ తరబడి చేతిరాతతోనే వెలువడింది.

తెలుగు కథ వేరు గానీ బాధ ఒకటే. యూనికోడ్ మొదటి రూపం 1991లో వచ్చినప్పుడే తెలుగుకి అందులో చోటుంది. అయినా అచ్చుపనంతా అను, శ్రీలిపి లాంటి వాటిలో నడిచింది. అవి ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కల్ని కాపురం పెట్టించినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో మన వ్యాసం తెరిస్తే ఎవరికీ అర్థంకాని గీతలు కనిపిస్తాయి. మేం రెండు దశాబ్దాలుగా రాసినదంతా ఈ రెండు పెట్టెల్లోనే ఉంది. ఉర్దూ ఇన్‌పేజ్‌లో, తెలుగు అనులో. రెండూ విండోస్ కోసం తయారైనవే. మాక్‌లో వాటిని తెరవాలంటే ఇంకో సాఫ్ట్‌వేరు కొని, దొడ్డిదారిన విండోస్‌ని లోపలికి తెచ్చి తంటాలు పడాలి.

మాక్‌లో ఉర్దూ, తెలుగు రావని మేమనడం లేదు. వస్తాయి. యూనికోడ్‌లో కొత్తగా రాసుకునేవాళ్ళకి బాగానే వస్తాయి. అయితే ఎప్పుడొచ్చాయన్నది చూడండి. విండోస్ ఎక్స్‌పీలో 2001లోనే గౌతమి అనే తెలుగు ఫాంటుంది. 2012లో విండోస్ 8తో నస్తాలీఖ్ ఫాంటు వచ్చింది. యాపిల్ ఫోన్లు, కంప్యూటర్లలో ఉర్దూకి నస్తాలీఖ్ రూపం 2017లో దక్కింది. అప్పటిదాకా వాటిలో ఉర్దూ అరబ్బీ నస్ఖ్ వేషంలో కనిపించేది. చదవొచ్చు. కానీ మన నాయనమ్మకి వేరే ఊరి చీరకట్టు కట్టినట్టుంటుంది.

2018 ఫిబ్రవరిలో ఇంకోటి జరిగింది. ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే యాపిల్ ఫోన్లలో ఆ యాప్ మూసుకుపోయి, మళ్ళీ తెరుచుకునేది కాదు. వాళ్ళ కంప్యూటర్లలోనూ అదే వరస. ఆ అక్షరం 'జ్ఞా'. జ్ఞానంలోని జ్ఞా! లోకమంతా నవ్వుకుంది. కొంటె పిల్లలు కావాలని ఒకరికొకరు పంపుకున్నారు. ఆ నెల 19న కంపెనీ మరమ్మతు విడుదల చేసింది. దోషాలు అన్ని యంత్రాల్లోనూ ఉంటాయి, త్వరగానే సరిచేశారు, కాదనం. కానీ అంతకు మూడు నెలల ముందు 89,000కి మన దేశంలో అమ్మకానికొచ్చిన ఫోను, కోట్లమంది రాసుకునే లిపిలో ఒక అక్షరం తగిలి కూలబడిందంటే, తయారయ్యేటప్పుడు ఆ బల్ల చుట్టూ మన అక్షరం తెలిసినవాళ్ళు ఎంతమంది కూర్చున్నారన్న ప్రశ్న వస్తుందా రాదా? ధర మాత్రం అందరి దగ్గరా తీసుకుంటారు. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూ రెండో అధికార భాష అయింది. చట్టంలో అయింది. కొట్లో పేర్చిన ల్యాప్‌టాపుల్లో ఒక్కదాని కీబోర్డు మీదైనా అలిఫ్ లేదు, అ లేదు. ఈ విషయంలో చవకదీ ఖరీదైనదీ తోడుదొంగలే.

ఎండ లెక్క, కరెంటు లెక్క కూడా చెప్పాలి. ఇక్కడ ఖరీదైనదాని గొప్ప ఒప్పుకోవాలి. ఒకసారి ఛార్జింగ్ పెడితే పద్దెనిమిది గంటల దాకా వస్తుందని కంపెనీ చెప్తుంది. అందులో సగం వచ్చినా, గాలివాన వస్తే రాత్రంతా కరెంటు లేని ఊరికి అది వరమే. దానికి లోపల ఫ్యాను లేదు. కాబట్టి మిరప కళ్ళాల దుమ్మునీ, పత్తి నూగునీ లోపలికి పీల్చుకోదు. చవకది పీల్చుకుంటుంది. ఏడాదికోసారి విప్పి ఊదించాలి. అయితే యాపిల్ వారి కాగితాల్లోనే ఇంకో మాటుంది. చుట్టూ వేడి 35 డిగ్రీలు దాటని చోట వాడమని. మా జిల్లాలోనే రెంటచింతల ఉంది. రాష్ట్రంలో ఎండలకి పేరుపడ్డ ఊరది. మే నెలలో మా రేకుల వరండాలో పగలు 35 అంటే చల్లటి పూట. మిగతా కంపెనీలు కూడా చాలావరకు 35 అనే రాస్తాయి. ఎవరి వాతావరణం కొలిచి ఆ అంకె వేశారో గానీ, మా వేసవి అందులో లేదు. ఎంత పోసి కొన్నా మధ్యాహ్నం పూట దాన్ని మూసి పెట్టాల్సిందే. లేదా దానికోసం ఏసీ కొనాలి.

ఇక మరమ్మతు లెక్క. మా కుర్రాడొకడు గుంటూరులో ల్యాప్‌టాపులు, ఫోన్లు బాగుచేస్తాడు. చుట్టరికం దూరమే, మమ్మల్ని మామూ అంటాడు. అతన్ని అడిగాం. "కొనుక్కోండి మామూ, ముచ్చటగా ఉంటది. కానీ రేపు బోర్డు పోతే నా దగ్గరికి తేవద్దు" అన్నాడు. ర్యామ్, నిల్వ రెండూ బోర్డుకే అతికించి ఉంటాయి. ఒకటి పోతే బోర్డంతా మార్చాలి. స్క్రూల తలలు కూడా వాళ్ళ సొంత ఆకారం. బ్యాటరీ, తెర మార్చగలడు గానీ సామాను ఖరీదు వింటే గుండె గుభేలుమంటుంది. యాభై ఆరు వేలదాన్ని చూపిస్తే వెనక్కి తిప్పి నాలుగు మాటల్లో తేల్చాడు. ర్యామ్‌కి ఒక గాడి ఖాళీగా ఉంది, తర్వాత పెంచుకోవచ్చు. నిల్వ ఊడదీసి పెద్దది వెయ్యొచ్చు. బ్యాటరీ దొరుకుతుంది. మేం మళ్ళీ భాగహారం వేశాం. మధ్యలో ఒక ఆరువేలు పెట్టి ఆరేళ్ళు నడిపితే ఏడాదికి పదివేల మూడొందల చిల్లర. మొదట తిరుగులేదనుకున్న లెక్క ఇక్కడ తిరగబడింది.

ఆ కుర్రాడి గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి. గొడుగులు, పెట్రొమాక్స్ లైట్లు, కుట్టుమిషన్లు, వాచీలు, రేడియోలు, స్కూటర్లు, ఇప్పుడు ఫోన్లు, ల్యాప్‌టాపులు. ఈ దేశంలో పాడైనదాన్ని బాగుచేసే పనిలో మా చేతులు తరతరాలుగా ఉన్నాయి. జీతం వచ్చే ఉద్యోగాల్లో మావాళ్ళు ఎంత తక్కువో, సొంత చేతిపనుల మీద ఎంతమంది ఆధారపడ్డారో 2006లో సచార్ కమిటీ లెక్కలతో సహా చెప్పింది. పంక్చర్లు వేసుకునేవాళ్ళని మమ్మల్ని ఎగతాళి చేసేవాళ్ళు ఆ పంక్చరు వేసిన టైరు మీదే ఇంటికి పోతారు. విప్పడానికి వీల్లేని యంత్రం వచ్చిందంటే మాకు అది కొత్త మోడల్ మాత్రమే కాదు. ఇంకో వంద కొట్ల షట్టర్లు దిగడం. కొన్నదాన్ని బాగుచేయించుకునే హక్కు గురించి కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ఒక పోర్టల్ పెట్టింది. మంచిదే. కానీ స్క్రూ తల మారనంతవరకు ఆ హక్కు మా కుర్రాడి బల్ల మీదికి రాదు. మేమిచ్చే ఆరువేలలో అతని కూలి ఉంది. ఆ లక్షా పదివేలలో అతనికి పైసా లేదు.

ఇన్ని లెక్కలూ ఒక వైపు. గుంటూరు కొట్లో జరిగింది ఇంకో వైపు.

రైల్లో పోయి, స్టేషను నుంచి ఆటోలో ఒక పెద్ద కొట్టుకి పోయాం. అమ్మ బుర్ఖాలో ఉంది, బిడ్డ తలకి హిజాబ్ కట్టుకుంది. అమ్మే కుర్రాడు మమ్మల్ని చూశాడు. అడక్కుండానే కింది అర దగ్గరికి తీసుకుపోయాడు. ముప్ఫై వేల లోపువి. "ఇవి చూడండమ్మా, మీకివి సరిపోతాయ్" అన్నాడు. గొంతులో దురుసు లేదు. మర్యాదగానే అన్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది. మా వెనకే వచ్చిన ఇంకో కుటుంబానికి అదే కుర్రాడు గాజుబల్ల మీదున్న వెండిరంగు యంత్రాన్ని తెరిచి చూపించాడు. వాళ్ళు అడగలేదు, మేమూ అడగలేదు. చూపు మాత్రం రెండు రకాలుగా నడిచింది.

ఆ క్షణంలో మాకు ఏమనిపించిందో దాచుకోం. లక్షా పదివేలు బల్ల మీద కొట్టి, అదే ఇవ్వమందామనిపించింది. అమ్మ చేతిసంచీ జిప్పు మీదికి పోనే పోయింది. ఈ కసి మా ఇంటిదొక్కటే కాదు. సౌదీలో పదేళ్ళు కష్టపడ్డ కొడుకు తెచ్చిన ఖరీదైన ఫోను ముందుగదిలో అందరికీ కనపడేట్టు పెట్టుకున్న ఇళ్ళు మాకు తెలుసు. షాన్ కోసం చేశారని మనవాళ్ళే నవ్వుతారు. షాన్ వెనక ఎన్నేళ్ళ కింది అరలు ఉన్నాయో ఎవరు లెక్కపెట్టారు? ఇంకోపక్క, పెళ్ళిళ్ళకీ బిర్యానీలకీ తగలేస్తారు గానీ చదువుకి పెట్టరు మీవాళ్ళు అని చెప్పే చదువుకున్న స్నేహితులున్నారు. పెట్టబోతే 'మీకెందుకంత' అనేదీ వాళ్ళే. తక్కువది కొంటే లేనివాళ్ళు, ఎక్కువది కొంటే దుబారా మనుషులు. మేమేం కొన్నా దానికి మా మతం పేరు మీద ఒక రసీదు చింపి ఇస్తారు.

ఆ రోజు ఏమీ కొనకుండా బయటికొచ్చి చెరకురసం తాగాం. తేల్చింది బిడ్డ. తనకి ఆ వెండిరంగుది ఇష్టమే. ఆ సంగతి దాచలేదు. తేలిగ్గా ఉంటుంది, బస్సులో మోసుకుపోవచ్చు, రాత్రి కరెంటు పోయినా రాసుకోవచ్చంది. మొదటి సంవత్సరంలో చేసే ప్రోగ్రాములకి రెండూ ఒకటేనని సీనియర్లు చెప్పారని కూడా తనే చెప్పింది. ఆ తర్వాత, "వాడికి చూపించడానికి కొనొద్దు అబ్బా. వాడు చూపించింది కూడా కొనొద్దు" అంది.

మేం ఇన్నాళ్ళు రాసిన వ్యాసాల్లో ఇంత పొట్టిగా ఈ మాట చెప్పలేకపోయాం. అవమానం ఒక పక్క నుంచి తోస్తుంది, దానికి జవాబు చెప్పాలన్న కసి ఇంకో పక్క నుంచి. రెండిటిలో ఏది గెలిచినా డబ్బు మనదీ నిర్ణయం వాళ్ళదీ అవుతుంది. మా అవసరాన్ని మా నోటితో చెప్పి, మా లెక్క మా కాగితం మీద వేసుకునే హక్కు కూడా అస్తిత్వంలో భాగమే. ఉద్యమాల్లో పెద్ద పెద్ద హక్కుల కోసం అరిచాం, అరవాలి కూడా. ఈ చిన్న హక్కు కోసం ఎవరూ ఊరేగింపు తియ్యరు. కొట్లో నిలబడి మనమే తెచ్చుకోవాలి.

వారం తర్వాత ఇంకో కొట్లో యాభై ఆరు వేలది తీసుకున్నాం. మా అరవై వేలలోంచే. మిగిలిన నాలుగు వేలలో బ్యాగూ, మౌసూ, కీబోర్డు మీద అంటించే ఉర్దూ అక్షరాల స్టిక్కర్లూ వచ్చాయి. పాతదాన్ని పారెయ్యలేదు. ఇంటర్నెట్ తీసేసి, ఇన్‌పేజ్, అను దాంట్లోనే ఉంచాం. పాత వ్యాసాల్ని ఒక్కొక్కటే తెరిచి యూనికోడ్‌లోకి మార్చే పని నడుస్తోంది. సాఫ్ట్‌వేరు మార్చినా ఒత్తులు తారుమారవుతాయి. ఉర్దూలో హే ఒకటి పోయి ఇంకోటొస్తుంది. కాబట్టి ప్రతి పేజీ మళ్ళీ చదవాలి. సెలవులకొచ్చినప్పుడు బిడ్డ పక్కన కూర్చుంటుంది. ఆమెకి తెలుగు చకచకా వస్తుంది. ఉర్దూ మాట్లాడుతుంది గానీ చదవడంలో తడబడుతుంది. ఇంగ్లీషు మీడియం చదువు మిగిల్చింది అదే. ఈ పని వంకన ఇప్పుడు నస్తాలీఖ్ కూడబలుక్కుంటోంది.

మా లెక్క అందరికీ సరిపోతుందని మేం చెప్పడం లేదు. రోజంతా వీడియోలు కోసి అతికించి బతికేవాళ్ళున్నారు. కరెంటు దొరకని చోట్ల తిరుగుతూ రాత్రికి వార్త పంపాల్సిన విలేకరులున్నారు. పాత ఫైళ్ళ బరువు లేకుండా యూనికోడ్‌లోనే రాత మొదలుపెట్టిన కుర్రవాళ్ళున్నారు. వాళ్ళకి ఆ యాభై వేలు రెండేళ్ళలో తిరిగి రావచ్చు. అలాంటివాళ్ళు మా మొహల్లాలో ఉంటే, డబ్బు చేతిలో ఉంటే, నిక్షేపంగా కొనుక్కోండి. ఎవరి చూపుకీ జంకొద్దు. మూడు సంగతులు మాత్రం కొనకముందే అడగండి. మీరు ఇప్పటిదాకా రాసుకున్నది అందులో తెరుచుకుంటుందా? పాడైతే మీ ఊరికి ఎంత దూరంలో బాగవుతుంది? ఆ డబ్బు ఇంట్లో ఎవరి కోరికలోంచి వస్తోంది?

మూడో ప్రశ్నే మమ్మల్ని ఆపింది. కొనేవాళ్ళం మేం, వాడేది బిడ్డ, మానుకునేది అమ్మ అయితే ఆ యంత్రం ఎంత వేగంగా నడిస్తే మాత్రం ఏం? మన ఇళ్ళలో చదువుల కోసం ఆడవాళ్ళు గాజులు తీసిచ్చారు, తిండి తగ్గించుకున్నారు. వాళ్ళిచ్చారు కదా అని తీసుకుంటూనే పోవడం కూడా ఒక అలవాటయింది. త్యాగం అని పేరు పెట్టి పొగిడితే అప్పు తీరిపోయిందనుకుంటాం. ఈసారి ఆ డబ్బు ముట్టుకోలేదు. అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు. పిల్లకి మంచిది కొనియ్యకపోతిరని సణుగుతూనే ఉంటుంది. ఆమె పాస్‌పోర్టుకి దరఖాస్తు మాత్రం ఆ కొత్త ల్యాప్‌టాప్ మీదే నింపాం. పేరు దగ్గర ఆధార్‌లో ఒక స్పెల్లింగు, రేషన్ కార్డులో ఇంకో స్పెల్లింగు. మా పేర్లు ఇంగ్లీషులో రాసినవాళ్ళందరూ తలా ఒక రకంగా రాశారు. ముందు అది సరిచేయించుకు రమ్మన్నారు. మీ-సేవ చుట్టూ తిరుగుతున్నాం.